తోట రైలుకు సిమెంటు వద్దు

11 ఏళ్ళ కిందట మా నాన్న పోసిన సిమెంటు దారి మా తోటలో ఇంకా ఉంది. 20 సెంటీమీటర్ల వెడల్పు, 12 మీటర్ల పొడవు. అడుగడుగునా రసమట్టం పెట్టి చూసి మరీ పోశాడు. ఇప్పుడు దాని మీద పూలకుండీలు వరసగా పెట్టుకున్నాం. పూలకుండీలకు ఇంత గట్టి పునాది వేసినవాళ్ళు ఇంకెవరూ ఉండరేమో.

అది నిజానికి తోటలో నడిపే నా బొమ్మ రైలు కోసం పోసింది. పని మొదలుపెట్టిన రోజు నాన్న అన్న మాట గుర్తుంది. "మట్టి మీద పట్టాలేంటి తల్లీ? ఒక్కసారి గట్టిగా వేసేశామంటే మళ్ళీ చూడక్కర్లేదు." నాకూ సబబే అనిపించింది. అప్పటికి నాకున్న అనుభవమల్లా గదిలో బల్ల మీద నడిపిన చిన్న రైళ్ళే. అక్కడ బల్ల కదలదు, గది తడవదు. తోట కూడా కాస్త పెద్ద బల్లలాంటిదే అనుకున్నాను.

నేను ఎంచుకున్నది జి స్కేలు. పట్టాల మధ్య 45 మిల్లీమీటర్ల దూరం. 1968లో జర్మనీలోని న్యూరెంబర్గ్ నుంచి లేమన్ కంపెనీ ఎల్‌జీబీ పేరుతో తెచ్చిన రైళ్ళతో తోటల్లో బాగా పాతుకుపోయిన సైజు ఇది. పట్టాలు ఇత్తడివి, వాటి కింద అడ్డంగా ఉండే స్లీపర్లు ఎండకు పెళుసెక్కని ప్లాస్టిక్‌వి. గదిలో నడిపే పట్టాలను తెచ్చి బయట పరిచేవాళ్ళు కొందరున్నారు. వాటి స్లీపర్లు ఎండకు నాలుగు రోజుల్లోనే బిస్కట్లలా విరుగుతాయి కాబట్టి ఆ ఆలోచన అక్కడే ఆపేయండి.

సరే, సిమెంటు ఆరింది. పట్టాలు బిగించాను. రెండడుగులకొక స్క్రూ, అదీ బాగా బిగువుగా. చూడటానికి ఎంత అందంగా ఉందంటే, ఆ సాయంత్రం చీకటి పడేదాకా అక్కడే కూర్చున్నాను.

ఎండాకాలం వచ్చింది. ఇత్తడి ఒక్క డిగ్రీ వేడెక్కితే మీటరుకు సుమారు 0.019 మిల్లీమీటర్లు సాగుతుంది. వినడానికి ఏముందిలే అనిపిస్తుంది. 12 మీటర్ల పట్టా తెల్లవారుజాముకీ మిట్టమధ్యాహ్నానికీ మధ్య 35 డిగ్రీలు వేడెక్కితే పెరిగే పొడవు 8 మిల్లీమీటర్లు. ఆ 8 మిల్లీమీటర్లు ఎక్కడికో అక్కడికి పోవాలి. పట్టా ముక్కల అతుకుల దగ్గర నేను సందులు వదల్లేదు. కిందేమో కదలని సిమెంటు. ఒక మధ్యాహ్నం వెళ్ళి చూస్తే తిన్నగా ఉండాల్సిన దారి రెండుచోట్ల వంకర తిరిగి ఉంది. పట్టాను స్లీపరుకు పట్టి ఉంచే చిన్న కొక్కాలు పదమూడు విరిగిపోయాయి.

సందులు వదిలాను. స్క్రూలు వదులు చేశాను. రెండో ఏడు గడిచింది. మూడో ఏడు చెట్టు వేరు ఒకటి సిమెంటు కింద నుంచి లేచింది. ఒక మూల రెండు సెంటీమీటర్లు పైకి, దానికి కాస్త దూరంలో మట్టి కుంగి ఒక సెంటీమీటరు కిందకి, రెంటి మధ్య అడ్డంగా పగులు. వానలకు ఇంకో సంగతి బయటపడింది. తోటలో నీళ్ళు సహజంగా పారే వాలుకు నాన్న పోసిన దారి అడ్డుగా ఉంది. అటువైపు మడి చెరువైంది, అందులో మొక్కలు వేళ్ళు కుళ్ళి చచ్చిపోయాయి. మేం రైలు దారి కడుతున్నామనుకుని ఆనకట్ట కట్టాం.

అప్పటినుంచి ఎవరు అడిగినా నేను చెప్పేది ఒకటే. తోటలో రైలు దారిని చెక్కుచెదరకుండా కట్టాలని చూడొద్దు. అది చెదురుతుంది. చెదిరిన ప్రతిసారీ పావుగంటలో విప్పి, సర్ది, మళ్ళీ వేసుకునేట్టు కట్టండి. మొదట్లోనే బోలెడు కష్టం పెట్టి తరవాత చూడక్కర్లేకుండా చేసుకుందామన్న ఆశ దగ్గరే ఈ వ్యవహారంలో చాలామంది దెబ్బతింటారు. నాకు తెలిసి తోట రైళ్ళు మానేసినవాళ్ళలో ఎక్కువమంది బద్ధకస్తులు కారు. మొదటి ఏడు అతిగా కట్టి, రెండో ఏడు పగలగొట్టలేక వదిలేసినవాళ్ళు.

నాన్న దగ్గర దీనికి జవాబు సిద్ధంగా ఉంది. "పెద్ద రైళ్ళకే ఇప్పుడు కాంక్రీటు వేస్తున్నారు కదా?" అంటాడు. నిజమే, వేస్తున్నారు. జపాన్‌లో 1964లో మొదలైన మొదటి బుల్లెట్ రైలు షింకాన్‌సెన్ లైను కంకర మీదే వేశారు కానీ, తరవాత కట్టిన వాటిలో చాలా దూరం కాంక్రీటు పలకల మీదే పట్టాలు పరిచారు. అయితే ఆ పలకల కింద ఏముందో కూడా చూడాలి కదా. వంతెనలు, సొరంగాలు, కుంగకుండా ముందే గట్టిచేసిన నేల. మా తోటలో ఉన్నది వానపాములు తవ్విన మట్టి. నేల కదలదన్న భరోసా ఉన్నవాళ్ళు కాంక్రీటు వేసుకోవచ్చు. నేల కదిలేచోట రైల్వేవాళ్ళు కూడా కంకరే వేస్తారు, ఎందుకంటే కుంగినచోట స్లీపరు ఎత్తి కింద కంకర కుక్కితే పని అయిపోతుంది. దానికి గ్యాంగ్‌మన్లు వాడే మాట ప్యాకింగ్. నేను ఇప్పుడు చేసేదీ అదే, సైజు తగ్గించి.

నేను వేసే పద్ధతి చెబుతాను. ఇరవై సెంటీమీటర్ల వెడల్పున, జానెడు లోతు గాడి తవ్వుతాను. అడుగున ఇటుక ముక్కలు, పెద్ద కంకర. నీళ్ళు కిందకి దిగిపోవడానికి అది. దాని మీద ఒక పొర గుడ్డ. పైనున్న సన్నటి రాయి కిందకి జారకుండా, కింద ఉన్న గడ్డి పైకి రాకుండా అది కొంత ఆపుతుంది. కొంతే. మొండి గడ్డిని ఆపే గుడ్డ ఇంతవరకు నేను చూడలేదు. గుడ్డ మీద రాతి పొడి, చిప్స్ కలిపి పోసి, తడిపి, దిమ్మిసతో కొడతాను. పట్టాలు దాని మీద ఊరికే పెట్టి, స్లీపర్ల మధ్య అదే రాయి నింపి, చీపురుతో సర్దుతాను. ఒక్క స్క్రూ కూడా నేలలోకి దిగదు.

రాయి విషయంలో ఒక జాగ్రత్త. అందంగా ఉంటాయని నున్నటి గుండ్రాళ్ళు కొనొద్దు. గోళీల మీద పలక పెట్టినట్టు దారి అటూ ఇటూ జారుతూనే ఉంటుంది. పగలగొట్టిన రాయికి మూలలుంటాయి, ఒకదానికొకటి పట్టుకుంటాయి. వాటి మధ్యకు సన్నటి పొడి చేరితే నాలుగు వానల తరవాత దాదాపు గట్టి నేలలా కూర్చుంటుంది. కానీ స్క్రూడ్రైవరు పెట్టి గీకితే ఊడి వస్తుంది. గట్టిగానూ ఉండాలి, గీకితే ఊడాలి. నాకు కావాల్సిన రెండు గుణాలూ దాంట్లో ఉన్నాయి.

ఎండకు సాగే 8 మిల్లీమీటర్ల మాటేమిటని అడుగుతారు. దారి నేలకు అతుక్కుని లేదు కాబట్టి అది తన దారి తాను చూసుకుంటుంది. మధ్యాహ్నం మలుపుల దగ్గర పట్టా ఒకటి రెండు మిల్లీమీటర్లు బయటికి జరుగుతుంది, రాత్రికి వెనక్కి వస్తుంది. అందుకే నిడివైన తిన్నటి దారి ఎక్కడా ఉంచకుండా, చివర ఒక మలుపు ఉండేలా వేస్తాను. ఆ మలుపు పక్కన గోడో రాయో తగలకుండా వేలెడు జాగా వదలాలి.

ఆరు నెలలకొకసారి ప్యాకింగ్ చేస్తాను. మోకాళ్ళ కింద పాత దిండు, చేతిలో పాత స్క్రూడ్రైవరు, చిన్న రసమట్టం. రైలు నడిపి చూస్తే ఎక్కడ కుంగిందో పెట్టెలే చెబుతాయి. ఒకచోట పెట్టె పక్కకి ఊగుతుంది, అక్కడ మోకరిల్లాలి. రసమట్టాన్ని పట్టాల మీద అడ్డంగా పెట్టి చూడండి. దారి పొడవునా ఎత్తుపల్లాలు నెమ్మదిగా మారితే రైలు ఓర్చుకుంటుంది. ఒక పట్టా ఇంకో పట్టా కంటే రెండు మిల్లీమీటర్లు కిందకుంటే మాత్రం పట్టా తప్పుతుంది. పడిపోయిన ప్రతి పెట్టెకూ మొదట చక్రాలను అనుమానిస్తాం కానీ, నా అనుభవంలో తప్పు ఎప్పుడూ నేలదే.

బల్ల మీద రైళ్ళు నడిపేవాళ్ళకు ఇది అర్థం కావడానికి కాస్త టైము పడుతుంది. తోటలో మనం తగ్గించేది రైలునొక్కదాన్నే. మిగతాదేదీ తగ్గదు. మా రైళ్ళ 1:22.5 స్కేలులో, అంటే అసలు రైలును 22.5 రెట్లు తగ్గించిన కొలతలో, 4 మిల్లీమీటర్ల వాన చినుకు 9 సెంటీమీటర్ల నీటి ముద్ద. పట్టా మీద పడిన చిన్న పుల్ల, 8 మిల్లీమీటర్ల మందముంటే, అసలు రైలుకు అడ్డంగా పడిన 18 సెంటీమీటర్ల దుంగతో సమానం. నత్త అయితే చెప్పనే అక్కర్లేదు, మేకపిల్ల అంత ఉంటుంది. అది నలిగితే ఆ జిగురుకు ఇంజన్ చక్రాలు గిర్రున తిరుగుతాయి, బండి మాత్రం కదలదు. ఆకులు రాలే కాలంలో పెద్ద రైళ్ళకూ ఇదే గొడవ. తడి ఆకులు చక్రాల కింద నలిగి పట్టా మీద జారుడు పూత వేస్తాయి. మా తోటలో ఉన్న సమస్యలు పెద్ద రైల్వేలకూ ఉన్నాయని తెలిసినప్పుడు నాకు కాస్త గర్వంగానే అనిపించింది.

మలుపుల దగ్గర మాత్రం మనకున్న ఇబ్బంది పెద్ద రైళ్ళకు లేదు. రైలు సెట్లతో వచ్చే అతి చిన్న మలుపు పట్టా 600 మిల్లీమీటర్ల వ్యాసార్ధంది. పన్నెండు ముక్కలు కలిపితే గుండ్రంగా పూర్తవుతుంది. దాన్ని 22.5తో గుణించి చూడండి, 13.5 మీటర్లు. స్విట్జర్లాండ్‌లోని బెర్నినా లైను మీటరు గేజి రైళ్ళలో బాగా మెలికలు తిరిగేది, 7 శాతం వాలు ఎక్కేది. అక్కడ కూడా అతి చిన్న మలుపు 45 మీటర్లు. మన స్కేలులో అది 2 మీటర్ల వ్యాసార్ధం. అంటే కొండ ఎక్కే రైలు కంటే మూడు రెట్లకు పైగా ఇరుకైన మలుపులో మన రైలును తిప్పుతున్నాం. తిరుగుతుంది, కానీ చక్రాలు పట్టాను ఒరుసుకుంటాయి, మోటారు మూలుగుతుంది, పొడవు పెట్టెల మూలలు బయటికి పొడుచుకొస్తాయి. చోటు ఎంత తక్కువైనా సరే, కనీసం 1200 మిల్లీమీటర్లకు తగ్గకండి. అంతకంటే చోటు లేకపోతే గుండ్రంగా తిప్పడం మానేసి, ఒక చివర నుంచి ఇంకో చివరకు వెళ్ళి వచ్చే దారి వేసుకోండి.

అసలు కొలతల విషయంలో మరీ పట్టుదలకు పోయేవాళ్ళంటే నాకు కొంచెం విసుగు. ఎల్‌జీబీ రైళ్ళకు గుర్తులాంటి స్టైన్జ్ అనే బుల్లి ఇంజన్ ఉంది కదా, అసలు ఇంజన్ నడిచింది 760 మిల్లీమీటర్ల గేజి మీద. లెక్క ప్రకారం దాని బొమ్మ 34 మిల్లీమీటర్ల పట్టాల మీద నడవాలి. 45 మీద నడుస్తోంది, ఇన్నేళ్ళుగా ఎవరి తోటా పాడైపోలేదు. వేగం విషయంలో మాత్రం పట్టుదల ఉండాలంటాను. గంటకు 40 కిలోమీటర్లు నడిచే రైలు మన స్కేలులో సెకనుకు అర మీటరు వెళ్ళాలి. చాలామంది దానికి మూడు రెట్లు తోలతారు. నెమ్మదిగా నడిపితే దారిలోని లోపాలు కనబడతాయి, పట్టా తప్పినా బండి బోర్లా పడదు.

వాలు గురించి రెండు ముక్కలు. 2 శాతం దాటకండి. అంటే 10 మీటర్లకు 20 సెంటీమీటర్ల ఎత్తు. ఎలక్ట్రిక్ ఇంజన్ అంతకు మించి కూడా ఎక్కగలదు కానీ వెనక పెట్టెలు తగ్గించుకోవాలి. గ్యాసు మంటతో నిజంగానే నీళ్ళు మరిగించి నడిచే ఆవిరి ఇంజన్లు కొనాలని మనసులో ఉంటే దారి వీలైనంత సమంగా ఉండాలి. వాటికి ఒక వేగం పెట్టి వదిలేస్తే ఎత్తులో నీరసపడి ఆగుతాయి, పల్లంలో పరుగు తీస్తాయి. వేడి ఇనుము వెంట తోటంతా పరిగెత్తడం ఒకసారి సరదాగానే ఉంటుంది.

మెయింటెనెన్స్‌ను నేను ఇంతగా వెనకేసుకొస్తున్నానని ప్రతి చాకిరీ నాకిష్టమనుకోకండి. మొదటి నాలుగేళ్ళు పట్టాల్లోంచే కరెంటు ఇచ్చి నడిపాను. ఇత్తడి బయట ఉంటే నల్లబడుతుంది, ఆ పొర కరెంటును సరిగా పోనివ్వదు. కాబట్టి రైలు నడిపిన ప్రతిసారీ ముందు అరగంట పొడవాటి కర్రకు గరుకు ప్యాడు కట్టి దారంతా రుద్దాలి. పట్టా ముక్కలను కలిపే జాయినర్లు ఇంకో తలనొప్పి. పట్టాల మధ్య సందులోకి మట్టి చేరి, చెమ్మ చేరి, ఒకరోజు తోట చివర రైలు ఆగిపోతుంది. ప్రతి అతుకుకూ స్క్రూతో బిగించే ఇత్తడి క్లాంపులు వేశాక ఆ గొడవ చాలావరకు తీరింది. రుద్దడం మాత్రం తీరలేదు.

ప్యాకింగ్‌కీ రుద్దడానికీ నాకు కనిపించే తేడా ఇది. ప్యాకింగ్ చేస్తే నేల గురించి ఒక కొత్త సంగతి తెలుస్తుంది. నీళ్ళు ఎటు పోతున్నాయి, వేరు ఎటు పాకుతోంది, చీమలు ఎక్కడ గుల్ల చేస్తున్నాయి అన్నీ చేతికి తెలుస్తాయి. రుద్దితే పట్టా మెరుస్తుంది, వారం తరవాత మళ్ళీ నల్లబడుతుంది. అంతే. అందుకే ఐదో ఏడు ఇంజన్ వెనక పెట్టెలో లిథియం అయాన్ బ్యాటరీ పెట్టి, చేతిలో రేడియో కంట్రోలు పట్టుకున్నాను. ఇప్పుడు పట్టాల పని బండిని మోయడమే. నల్లబడితే నల్లబడనీ, పెద్ద రైలు పట్టాలు కూడా పక్కల తుప్పు రంగులోనే ఉంటాయి కదా. ఒకటే జాగ్రత్త, బ్యాటరీ ఉన్న పెట్టెను ఎండలో వదిలేసి లోపలికి వెళ్ళొద్దు. ఐదారు రైళ్ళు ఒకేసారి నడిపేవాళ్ళు పట్టా కరెంటే మేలంటారు, ప్రతి ఇంజన్‌లో బ్యాటరీ పెట్టడం ఖర్చని. నిజమే. నావి రెండే.

మొక్కల సంగతి. ఇది తోట రైలు అన్న మాటలో తోట ముందుందని చాలామందికి ఆలస్యంగా గుర్తొస్తుంది. మొక్క చిన్నదైతే చాలదు, ఆకు చిన్నదవ్వాలి. అరచేతి ఆకున్న మొక్కను ఎంత పొట్టిగా కత్తిరించినా స్టేషను పక్కన అది చెట్టులా కనబడదు. వేలి గోరు కంటే చిన్న ఆకులుండి, కత్తిరిస్తే గుబురయ్యేవి ఎంచుకోండి. నేల మీద పాకేవి పట్టాలకు జానెడు దూరంలో నాటండి, ఏడాది తిరక్కుండానే అవే పట్టాల దగ్గరికి వస్తాయి.

తోట మీద పెత్తనం ఎవరిదన్నది కూడా ముందే తేల్చుకోవాలి. 1950లో వాల్ట్ డిస్నీ లాస్ ఏంజెలెస్‌లో తన ఇంటి పెరట్లో మనుషులు ఎక్కి తిరిగే 1:8 స్కేలు ఆవిరి రైలు వేసుకున్నాడు. దారి దాదాపు అర మైలు. భార్య లిలియన్ పూలమడి జోలికి వెళ్ళకుండా దాని కింద నుంచి 90 అడుగుల సొరంగం తవ్వించాడు, ఇంజన్‌కు ఆమె పేరే కలిపి లిల్లీ బెల్ అని పెట్టాడు. మా ఇంట్లో పూలమడి అమ్మది. నేను సొరంగం తవ్వలేదు, చుట్టూ తిప్పాను. అమ్మ మా ఒప్పందానికి అదనంగా ఒక షరతు పెట్టింది, దారి పక్క కలుపు మొత్తం నేనే తీయాలని. దారి కట్టినప్పటికంటే ఎక్కువ గంటలు ఆ షరతుకే పోయాయి.

సిమెంటుకు నేను పూర్తిగా విరోధిని కాను. వంగలేనివాళ్ళకు నడుమెత్తున స్తంభాల మీద దారి కట్టుకోవడమే మంచి పద్ధతి. స్తంభాలకు సిమెంటు కావాలి. దాని మీద పట్టా జారే వీలుండేలా వదులుగా వేస్తే అది ఏళ్ళ తరబడి నిలుస్తుంది. బరువైన ఆవిరి ఇంజన్లు నడిపేవాళ్ళు ఎక్కువగా అలాగే కడతారు. స్తంభం ఒకటి కుంగితే ఆ ఒక్కదాన్నే సరిచేసుకోవచ్చు. నా అభ్యంతరమంతా నేల మీద ఒకే పలకలా పోసి దానికి పట్టాలు బిగించేయడం మీదే.

ఇంకో మాట, ఇది మా ఇంట్లో కూడా ఎవరూ ఒప్పుకోలేదు. మొదటి ఏడాది మా దారి, సిమెంటు మీది 12 మీటర్లతో కలిపి, మొత్తం 46 మీటర్లు, రైలు ఒక దారి నుంచి ఇంకో దారికి మళ్ళే పాయింట్లు ఏడు. ఇప్పుడు 30 మీటర్లు, రెండు పాయింట్లు. నేనే తగ్గించాను. పాయింటు అంటే కదిలే పట్టా, కదిలే పట్టా అంటే సందు, ఆ సందులోకి చిప్సో చీమో పుల్లో చేరుతుంది. మా ఇంట్లో రైళ్ళు పట్టా తప్పిన చోట్లు గుర్తుచేసుకుంటే సగం పైగా పాయింట్ల దగ్గరే. 46 మీటర్లున్నప్పుడు ఆదివారమంతా బాగుచేసి సాయంత్రం పది నిమిషాలు నడిపేదాన్ని. 30 మీటర్లకు ఉదయం గంట చాలు. సెకనుకు అర మీటరు చొప్పున రైలు ఒక నిమిషంలో చుట్టి వస్తుంది. ఆ నిమిషం సేపు అది పొదల వెనక్కి పోయి కనబడదు, శబ్దం మాత్రం వినిపిస్తుంది, మళ్ళీ ఎటునుంచి వస్తుందో తెలిసినా తల తిప్పి చూస్తాం.

వచ్చే నెల పడమటి మూల మలుపు మార్చాలి. అక్కడ ఇంకా పాత 600 మిల్లీమీటర్ల పట్టాలే ఉన్నాయి, పొడవు పెట్టెలు వెళ్ళినప్పుడల్లా కీచుమంటున్నాయి. 1200కి మార్చాలంటే పాత సిమెంటు దారిలో ఒక ముక్క పగలగొట్టాలి. ఆ సంగతి నాన్నకు నెమ్మదిగా చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తరవాత గునపం ఎక్కడుందో వెతికి పెట్టాడు. నిన్న సాయంత్రం చూస్తే గునపం పక్కన తాపీ కూడా ఉంది.

"తాపీ ఎందుకు నాన్నా?" అన్నాను.

"మొక్క నాటడానికి" అన్నాడు.